గయలో వదిలిన కాయ

అమ్మ సంవత్సరీకం అయిన నెలకి గయ వెళ్లాం, నేనూ మా ఆవిడా. బయల్దేరే ముందు ఇంట్లో చర్చంతా ఒకటే: అక్కడ ఏ కాయ వదలాలి, ఇక జన్మలో తినకుండా? కాకరకాయ వదిలేస్తే పోలా అన్నాను. "మీరు ఎప్పుడు తిన్నారు కనుక!" అని నవ్వింది తను.

ఫల్గుణీ నదిలో ఇసుక తవ్వితేగానీ నీళ్లు కనపడవని, అది సీతమ్మ శాపమని చిన్నప్పటి నుంచి విన్నదే. తీరా వెళితే ఘాట్ దగ్గర నిండా నీళ్లు. 2022లో రబ్బరు డ్యామ్ కట్టారట.

అహల్యాబాయి హోల్కర్ కట్టించిన విష్ణుపాద ఆలయంలో ఒకటే తోపులాట, దర్శనం అయిందనిపించాం. నన్ను నిలబెట్టేసింది మాతృషోడశి. తల్లికి పదహారు పిండాలు. ఒక్కో పిండానికి ఒక్కో శ్లోకం, అందులో మనవల్ల ఆవిడ పడ్డ ఒక్కో కష్టం. మా పురోహితులు ప్రతిదానికీ తెలుగులో అర్థం చెప్పారు. కడుపుతో ఎగుడుదిగుడు దారుల్లో నడిచినందుకు ఒకటి. చేదు కషాయాలు మింగినందుకు ఒకటి. రాత్రిళ్లు బిడ్డ పక్క తడిపితే ఆ తడిలోనే పడుకున్నందుకు ఒకటి.

అక్కడ నాకు గొంతు పెగల్లేదు. మంచాన పడ్డాక అమ్మ పక్క తడిపిన ఒక రాత్రి నేను విసుక్కున్నాను. ఆవిడ ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

"నెమ్మదిగా కానివ్వండి బాబూ" అన్నారాయన. పిండీ నువ్వులూ వేళ్లకి అంటుకుపోయి ముద్ద చేతిని వదల్లేదు. నీళ్లు పోయించుకుని విడిపించుకున్నాను.

నా అన్నవాళ్లు లేనివాళ్లకీ, పెంచుకున్న జంతువులకీ ధర్మపిండం పెట్టొచ్చన్నారు. మా టామీని తలుచుకున్నాను.

అక్షయవటం అనే మర్రిచెట్టు కింద "ఏ కాయ వదులుతున్నారు?" అని పురోహితులు అడిగితే వంకాయ అన్నాను. మా ఆవిడ చటుక్కున నావైపు చూసింది. అమ్మ గుత్తివంకాయ చేసిన రోజు నేను ఎంత తినేవాడినో తనకి తెలుసు.

తిరుగు రైల్లో చాలాసేపు మాట్లాడుకోలేదు. చీకటి పడ్డాక తనే అంది: "పోయినేడు పండగ చేసుకోలేదు. ఈ సంక్రాంతికి అరిసెలు చేద్దామా? పాకం అత్తయ్యే చూసేవారు. నేను పడితే ముదిరిపోతుంది."

"ముదరనీ" అన్నాను. "కొరుక్కుని తిందాం."