ఓటీపీ చెప్పు పెద్దమ్మా

హైదరాబాద్ మూసారాంబాగ్‌లో మా చిన్నాన్న షాపు బోర్డు ఇప్పటికి మూడుసార్లు మారింది. మొదట ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ, అంటే డబ్బులిచ్చి దూరాలకు ఫోన్ చేసుకునే బూత్. 2000లో దాని కింద 'ఇంటర్నెట్' అని ఇంకో రేకు తగిలించారు. తర్వాత జిరాక్స్, లామినేషన్. ఇప్పుడేమో 'ఇచ్చట అన్ని రకాల ఆన్‌లైన్ పనులు చేయబడును'. షట్టర్ మాత్రం అదే, ఇప్పటికీ సగం దాకా వచ్చి ఇరుక్కుంటుంది.

మొన్న ఆదివారం భోజనానికి వెళ్తూ ఓ గంట కౌంటర్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. అప్పటినుంచీ ఇది రాయాలని ఉంది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్. అది కూడా ముందు నాలుగు మహానగరాలకే. ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది 1998 నవంబరులో. సరిగ్గా ఆ నెలలోనే వాజ్‌పేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. మా చిన్నాన్నకి మాదాపూర్ అంటే అప్పటికి రాళ్ళగుట్టలే, అక్కడేం కట్టారో ఆయనకు పట్టలేదు. ఆయనకు పట్టిందల్లా ఎస్టీడీ రేట్లు పడిపోతున్నాయని. అందుకే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్ళి నాలుగు అసెంబుల్డ్ కంప్యూటర్లు కొనుక్కొచ్చి, ఒక్క ఫోన్ లైనుని నాలుగింటికీ పంచాడు. మోడెం కీచుమని అరిచి కనెక్ట్ అయ్యేసరికి కస్టమర్ సగం చాయ్ అయిపోయేది. గంటకు 40 రూపాయలు, నెట్ వచ్చినా రాకపోయినా.

వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్న కుర్రాళ్ళే. కానీ నాకు గుర్తున్నది వాళ్ళు కాదు, వాళ్ళ అమ్మలు. కొడుకు అమెరికా వెళ్ళాక వాళ్ళు వారానికోసారి వచ్చి స్టూలు మీద కూర్చునేవాళ్ళు. చిన్నాన్న కీబోర్డు ముందు పెట్టుకుని "ఏం రాయమంటవమ్మా?" అనేవాడు. "బాగున్నమని రాయి. మోకాళ్ళ నొప్పులు రాయకు" అనేది ఒకావిడ, ప్రతిసారీ అదే మాట. అప్పటి కంప్యూటర్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనపడేది కాబట్టి ఆయన ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు, ఒక్క వేలితో. పదో క్లాసులో ఉన్న నేను స్పీడుగా కొడతానని ఒక్కోసారి ఆ డ్యూటీ నాకు పడేది. ఎవరెవరి కొడుకులు డబ్బులు పంపట్లేదో నాకు అలా తెలిసిపోయింది. చెప్పకూడదు గానీ చాలామందివి తెలుసు.

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా ఫ్రీ అనే ప్లాను ఒకటుండేది, మా బ్యాచ్‌లో సగం మంది రెండింటికి అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ పెట్టి మళ్ళీ పడుకునేవాళ్ళం. షాపుకి అక్కడే దెబ్బ మొదలైంది. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళ తర్వాత ఐడీ కార్డు చూడకుండా ఎవరినీ కూర్చోబెట్టొద్దన్నారు. 2011లో ఏకంగా కేంద్రం రూల్సే పెట్టింది, క్యాబిన్ అడ్డు నాలుగున్నర అడుగులు దాటకూడదని. చిన్నాన్న వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ కోయించాడు. దాంతో మిగిలిన నలుగురు కుర్రాళ్ళూ మానేశారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇక 2016 సెప్టెంబరులో జియో. ఒక్క జీబీకి 250 రూపాయలు పెట్టి నెలంతా పొదుపుగా వాడినవాళ్ళం, రోజుకో జీబీ ఎలా ఖర్చు పెట్టాలా అని ఆలోచించే స్థితికొచ్చాం. అప్పుడు నేనే చెప్పాను చిన్నాన్నకి, ఇంక మూసేసి కర్రీ పాయింట్ పెట్టుకొమ్మని.

నా అంచనా తప్పింది. మామూలుగా కాదు, పూర్తిగా తప్పింది. అందరి చేతికీ నెట్ వచ్చేసింది కదా అని ఆఫీసులవాళ్ళు పనులన్నీ ఆన్‌లైన్లో పెట్టేశారు. అంతకుముందు కాగితం రాసుకుని కౌంటర్ దగ్గర నిలబడితే అయ్యే పని ఇప్పుడు మా షాపు దగ్గర నిలబడితే అవుతోంది. ఎంసెట్ (ఇప్పుడు ఎప్‌సెట్) వెబ్ ఆప్షన్లు, ఆదాయం సర్టిఫికెట్, గ్యాస్, పాన్‌కార్డు. 2021లో 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళు టీకా వేయించుకోవాలంటే కోవిన్ వెబ్‌సైట్‌లో స్లాట్ దొరకాలి, అది నిమిషాల్లో అయిపోయేది. ఆ రెండు నెలలు మా చిన్నాన్న బస్తీలో కార్పొరేటర్ కంటే పెద్దమనిషి.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల్లో 2024 మార్చి నాటికి దేశంలో ఇంటర్నెట్ కనెక్షన్లు 95 కోట్లు. నాకు ఈ అంకె చూస్తే నవ్వొస్తుంది, నా ఒక్కడి దగ్గరే మూడు ఉన్నాయి. దీనికంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అడిగిన ప్రశ్న నయం. మీరు ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు, అంతే. 2019లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మగవాళ్ళలో నూటికి 57 మంది అవునన్నారు, ఆడవాళ్ళలో 26 మంది. 49 దాటిన ఆడవాళ్ళని అసలు అడగనే లేదు. కరోనా తర్వాత ఇవి బాగా పెరిగే ఉంటాయి, మా అమ్మే రోజంతా యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటుంది. కరెంటు బిల్లు మాత్రం నాకు పంపిస్తుంది.

సరే, ఆదివారం సంగతి. ఒక పెద్దావిడ వచ్చింది. నల్గొండ దగ్గర ఎకరం భూమి ఉందట, పీఎం కిసాన్ రెండు వేలు పడట్లేదు, ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ, కావాలి. చేతిలో మంచి టచ్ ఫోనే ఉంది. ఆధార్ నంబరు కొట్టాను, ఫోను టింగుమంది. "ఓటీపీ చెప్పు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ ఫోను నా చేతికిచ్చింది. వెనక నిలబడ్డ కుర్రాడు నాకంటే ముందే పైకి చదివేశాడు. ఇవతల మనం ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని వాట్సాప్‌లో అందరికీ ఫార్వర్డ్ చేస్తుంటాం, ఆవిడ పని ఓటీపీ ఎవరికో ఒకరికి చెబితే తప్ప కాదు. అయినా ఉండబట్టలేక, "ఇట్ల ఎవరికి పడితే వాళ్ళకి ఫోనియ్యకు పెద్దమ్మా, పైసలు పోతయ్" అన్నాను.

"ఎవరికి పడితే వాళ్ళకెందుకిస్త బిడ్డా? నిన్ను మీ చిన్నాయన కూసోబెట్టి పోయిండు గద" అంది.

ఈ మాటల్లో ఓటీపీ టైం అయిపోయింది. మళ్ళీ పంపించాను.