కడపలో అంతగా ఎవరూ చెప్పని చోట్లు

కడపకు వచ్చినవారిని అందరూ పెద్ద దర్గాకు పంపుతారు. అది తప్పక చూడదగినదే, కానీ ఎర్రముక్కపల్లెలో సి.పి.బ్రౌన్ బంగళా ఉండిన స్థలంలో వెలసిన గ్రంథాలయానికి దారి చూపేవారు తక్కువ. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి, చెదిరిపోతున్న తెలుగు కావ్యాల ప్రతులను సేకరింపజేసి, వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి శుద్ధప్రతులు రాయించిన ఊరు ఇది. అక్కడి తాళపత్రాలను దగ్గరగా చూస్తే, గంటంతో గీసిన సన్నని అక్షరాలూ, దారం దూర్చేందుకు చేసిన రంధ్రమూ కనిపిస్తాయి. పదాల మధ్య ఎడం లేని ఆ వరుసలను చదవడానికి అలవాటు కావాలి.

ఉగాదినాడైతే మాత్రం దేవుని కడపకే వెళ్లమంటాను. వేంకటేశ్వరస్వామి దేవేరిగా చెప్పుకొనే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా భావించే ముస్లింలు ఆ రోజు అక్కడి ఆలయంలో స్వామి దర్శనానికి కుటుంబాలతో వస్తారు. నా జిల్లా గురించి నేను అన్నిటికన్నా గర్వంగా చెప్పుకొనేది ఇదే. రద్దీ ఉంటుంది కనుక తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది.