దగ్గు లేని క్షయ

పెళ్లయిన తరువాత చాలా ఏళ్లపాటు నా నెలసరి రెండో రోజు సాయంత్రానికే ఆగిపోయేది. దాన్ని నా తోటి ఉపాధ్యాయినులు అదృష్టం కింద జమకట్టేవారు. "నీకేం తల్లీ, మాలాగా ఐదేసి రోజులు నడుం పట్టుకుని పాఠాలు చెప్పే బాధ లేదు" అని స్టాఫ్ రూంలో ఎవరో ఒకరు అనేవారు, నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. పెళ్లికి ముందు నాలుగు రోజులు ఉండేదనీ, అది ఏటికేడాది తగ్గుతూ వచ్చిందనీ నాకు తెలుసు. అయినా డాక్టరు అడగనిదే చెప్పవలసిన సంగతిగా అది నాకెప్పుడూ తోచలేదు. ఐదేళ్లలో నన్ను చూసిన డాక్టర్లలో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు.

నేను విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. 2016లో, నాకు ఇరవై ఐదేళ్లప్పుడు పెళ్లయింది. రెండేళ్లు దాటేసరికి చుట్టాల ప్రశ్నలు మొదలయ్యాయి. మా అత్తవారి ఇల్లు పట్టణంలోనే కావడంతో, విజయదశమి వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముప్ఫై మంది దాకా బంధువులు దిగుతారు. సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరిగేలోపు నన్ను పది మందైనా పక్కకు పిలిచి "ఏటమ్మా, ఇంకా ఏటీ నేదా?" అని అడిగేవారు. అడిగేవారిలో చెడు ఉద్దేశం ఉండేది కాదు, అందుకే జవాబు చెప్పడం మరీ కష్టంగా ఉండేది. మా అత్తయ్య మాత్రం ఏమీ అడగకుండా అమ్మవారికి ముడుపు కట్టి, ఆ సంగతి నాకు తెలిసేలా నా ఎదుటే కట్టేది.

మేము మొదట వెళ్లిన ఆసుపత్రి పేరు చెప్పను. అక్కడ ఏడాదిన్నర పాటు అండం విడుదలకు మాత్రలు వాడాను. నెలనెలా తొమ్మిదో రోజు, పదకొండో రోజు, పదమూడో రోజు స్కానింగు కోసం సెలవు పెట్టేదాన్ని. హెడ్మాస్టరు గారికి కారణం చెప్పలేక, నాకు లేని మైగ్రేన్ ఒకటి కల్పించుకున్నాను. అన్నాళ్లూ మా ఆయనకు ఒక్క పరీక్ష కూడా రాయలేదు. ఆయన వీర్య పరీక్ష, శుద్ధిచేసిన వీర్యాన్ని గర్భసంచిలోకి పంపే ఐయూఐ చేయడానికి తప్పనిసరి అయినప్పుడే జరిగింది. ఊళ్లో ఎవరైనా చూస్తారేమోనని ఆయన విశాఖపట్నం వెళ్లి ఆ పరీక్ష చేయించుకుని, రిపోర్టును టిఫిన్ డబ్బా అడుగున పెట్టుకుని ప్యాసింజరు బండిలో తిరిగి వచ్చారు. అందులో లోపమేమీ లేదు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో కారణం పూర్తిగానో కొంతవరకో పురుషుడి వైపు ఉంటుందని తెలిసిన ఈ రోజుల్లో కూడా, మొదటి మందు చీటీ భార్య పేరిటే ఎందుకు రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఐయూఐ నాలుగుసార్లు చేశారు, నాలుగూ విఫలమయ్యాయి. ఆ పద్ధతి ఫలించాలంటే అండాన్ని గర్భసంచికి చేర్చే ఫెలోపియన్ నాళాల్లో కనీసం ఒక్కటైనా తెరుచుకుని ఉండాలి. నావి తెరుచుకుని ఉన్నాయో లేదో నాలుగుసార్లలో ఒక్కసారి కూడా చూడలేదు. మదుము పూడిపోయిందేమో చూడకుండా చెరువు మళ్లీ మళ్లీ నింపి, పొలానికి నీరెందుకు రాలేదని ఆశ్చర్యపోయినట్టుంది ఆ వైద్యం. ఆ నాళాల బొమ్మను నల్లబల్ల మీద ఏటా గీసే నేను కూడా అడగలేదు కాబట్టి, ఈ తప్పులో నా వాటా నేను తీసుకుంటున్నాను.

ఈలోగా నా బరువు యాభై రెండు కిలోల నుంచి నలభై ఆరుకు పడిపోయింది. సాయంత్రం నాలుగైదు గంటలకు ఒళ్లు వెచ్చబడేది, థర్మామీటరు పెడితే తొంభై తొమ్మిది దాటేది, పొద్దున్నకి ఏమీ ఉండేది కాదు. అందరూ అది పిల్లల్లేని దిగులన్నారు, నేనూ నమ్మాను. దిగులు నిజంగానే ఉంది కనుక ఆ మాటను కాదనడానికి నాకు ఆధారం లేకపోయింది.

2022 వేసవి సెలవుల్లో విశాఖపట్నంలో ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్లాం. నా ఫైలు తిరగేసి "ట్యూబుల ఎక్స్‌రే ఏదమ్మా?" అన్నారు. లేదన్నాను. మరో రెండు రోజుల్లో హెచ్‌ఎస్‌జీ చేశారు. గర్భసంచిలోకి సన్నని గొట్టంతో రంగుమందు ఎక్కిస్తూ ఎక్స్‌రే తీసే పరీక్ష అది. మందు ముందుకు పోలేక లోపలే ఆగినప్పుడు వచ్చిన నొప్పికి బల్ల అంచు పట్టుకున్నాను. ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే, నేను పొట్టేలు కొమ్ముల్లా ఒంపు తిప్పి గీసే ఆ నాళాల్లో కుడివైపుది అక్కడ పూసలు గుచ్చిన దారంలా తెగుతూ అతుకుతూ కనిపించింది. దాని చివర నీరు నిండి చింతగింజంత ఉబ్బు ఉంది. ఎడమవైపున అసలు ఏ గీతా లేదు.

అప్పుడు ఆవిడ మూడు ప్రశ్నలు అడిగారు. నెలసరి ఎన్ని రోజులు, సాయంత్రం జ్వరం వస్తుందా, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ ఉండేదా. మూడో ప్రశ్నకు నాకు ఆమదాలవలస దగ్గరి మా అమ్మగారి ఊరు గుర్తుకొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా మా తాతయ్య క్షయతో పోయారు. అంతకుముందు ఏడాది పొడవునా ఆయన నులక మంచం పక్కనే నా మంచం ఉండేది. అర్ధరాత్రి ఆయన దగ్గితే చెంబుతో నీళ్లందించడం నా పని.

ఊపిరితో లోపలికి పోయిన క్షయ క్రిమి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోనక్కరలేదు. రక్తం వెంట నడిచి గర్భాశయ నాళాల్లో చేరి, ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండగలదు. జననేంద్రియాల క్షయలో దాదాపు ప్రతిసారీ దెబ్బతినేవి నాళాలే. సుమారు సగం మందిలో గర్భసంచి లోపలి పొరకు కూడా అది పాకుతుంది, ఆ పొర పలచబడితే నెలసరి తగ్గిపోతుంది. దగ్గు లేదు, కళ్లె లేదు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. చాలామందిలో పిల్లలు కలగకపోవడమొక్కటే దీని లక్షణమని ఆవిడ చెప్పారు.

నిర్ధారణ అంత సులభంగా కాలేదు. నెలసరి ముందు గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షలకు పంపితే, క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ యంత్రం క్రిమి లేదని తేల్చింది. ఈ రకం క్షయలో క్రిములు అతి తక్కువగా ఉంటాయి కనుక ఒక పరీక్షలో కనిపించనంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేమట, అలాగే జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఒక్కటి పాజిటివ్ వచ్చిందని మందులు మొదలుపెట్టడమూ సరికాదట. ఆ ముక్కను సూక్ష్మదర్శినిలో చూసిన బయాప్సీలో గ్రాన్యులోమాలు, అంటే క్షయలో ఏర్పడే కణాల ముద్దలు కనిపించాయి. పొట్టకు చిన్న రంధ్రం చేసి కెమెరాతో చూసే లాపరోస్కోపీలో నాళాల మీద తెల్లటి నూక గింజల్లాంటి బొడిపెలు కనిపించాయి. ఆ రెండూ కలిసి సంగతి తేల్చాయి.

మందులన్నీ ప్రభుత్వానివే, ఉచితం. నలభై ఆరు కిలోల బరువుకు రోజుకు మూడు మాత్రలు, మొదటి రెండు నెలలు నాలుగు మందుల కలయిక, ఆపైన నాలుగు నెలలు మూడు మందులు. లక్షన్నర ఖర్చుపెట్టి దొరకని వైద్యం, మా వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో, పైసా అడగకుండా, ఒక రేకు బీరువాలో ఉంది. మొదటి రోజే మూత్రం నారింజ రంగులోకి మారింది. రిఫాంపిసిన్ వల్ల అలా అవుతుందని ముందే చెప్పినా గుండె దడదడలాడింది. రెండో నెలలో కీళ్లు పట్టేసి, బోర్డు పై అంచు దాకా చెయ్యి ఎత్తలేక సగం బోర్డుతోనే పాఠాలు నడిపాను. ఇథాంబ్యుటాల్ చూపును దెబ్బతీయవచ్చని, ఎరుపు ఆకుపచ్చల్లో తేడా తెలియకపోతే వెంటనే రమ్మని చెప్పారు. అందుకని రోజూ క్లాసు మొదట్లో రంగు సుద్దముక్కలను ఒకసారి వరసగా చూసుకునేదాన్ని. పిల్లలు దాన్ని నా చాదస్తం అనుకున్నారు.

చెప్పుకోవడం వేరే కథ. పిల్లల్లేరన్న సంగతి ఊరంతా చర్చించవచ్చు గానీ, టీబీ అన్న మాట మాత్రం గడప దాటకూడదని మా అత్తయ్య ఖాయం చేసింది. నాకొచ్చిన రకం ఊపిరి ద్వారా ఇతరులకు అంటదని డాక్టరు చెప్పినా, పది రోజులు నా కంచం విడిగా కడిగింది. ఆ తరువాత ఏమనుకుందో, తనే ఆ కంచంలో అన్నం తిని, ఏమీ జరగనట్టు లేచి వెళ్లిపోయింది. మాత్రలు తెచ్చే ఆశా కార్యకర్త వీధిలో ఎవరైనా అడిగితే "టీచరమ్మగారి ఇంట్లో దోమల సర్వే" అని చెప్పేది. ఆరు నెలల్లో మా ఇంట్లో అన్ని దోమలెలా ఉన్నాయని ఎవరికీ అనుమానం రాకపోవడం మా అదృష్టం. పోషకాహారానికి కేంద్ర ప్రభుత్వం అప్పట్లో నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేసేది, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. ఉద్యోగస్తురాలిని, ఆ డబ్బు నాకెందుకు అన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు, దాన్ని విడిగా లెక్కరాసి కోడిగుడ్లకే ఖర్చుపెట్టారు.

ఒక విచిత్రం చెప్పాలి. మందులు వాడినంత కాలం గర్భం రాకుండా చూసుకోమన్నారు. పెళ్లయ్యాక మమ్మల్ని పిల్లలు వద్దన్న మొదటి మనిషి ఆ డాక్టరే. తేదీలు లెక్కపెట్టడం, రెండు గీతల కోసం స్నానాల గదిలో నిలబడడం, నెల తప్పలేదని తెలిసిన పూట ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా అన్నం తినడం, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒంట్లో నలత ఉన్న ఆ ఆరు నెలలే మా కాపురంలో అన్నిటికన్నా తేలికగా గడిచాయి. ఆదివారాలు రామతీర్థం వెళ్లేవాళ్లం, ఏమీ మొక్కుకోకుండా కొండ చూసి వచ్చేవాళ్లం.

2023 ఆరంభంలో మందులు ముగిశాయి. సాయంత్రపు జ్వరం మూడో నెలకే పోయింది. బరువు యాభై ఒకటికి వచ్చింది. నెలసరి మూడు రోజులకు పెరిగింది, మూడో రోజు నడుం నొప్పి కూడా తిరిగి వచ్చింది. నాళాలు మాత్రం బాగుపడలేదు. మందు క్రిమిని చంపుతుంది గానీ, అది మిగిల్చిన మచ్చను చెరపలేదు. అండాన్ని, వీర్యాన్ని శరీరం బయట కలిపి పిండాన్ని గర్భసంచిలో పెట్టే ఐవీఎఫ్ తప్ప దారి లేదన్నారు, దానికి ముందు నీరు నిండిన నాళానికి క్లిప్పు వేయాలన్నారు, ఎందుకంటే ఆ నీరు గర్భసంచిలోకి జారితే పిండం నిలిచే అవకాశం సగానికి సగం తగ్గుతుంది.

2024లో మొదటి పిండాన్ని ప్రవేశపెట్టారు. అది నిలవలేదు. ఆ రాత్రి ఏడ్చాను, మర్నాడు యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దాను. ఇంకా రెండు పిండాలు శీతల భద్రతలో ఉన్నాయి, ఇలాంటి సంతాన చికిత్సలపై వచ్చిన 2021 చట్టం ప్రకారం వాటిని పదేళ్ల వరకు ఉంచవచ్చు.

మొన్న భద్రపరిచే రుసుము గడువు దగ్గరపడిందని ఫోనుకు సందేశం వచ్చింది. మా ఆయన భోజనాల దగ్గర అది చదివి, ఈ ఏడాదే వెళ్దామా అని అడిగారు. పదో తరగతి పరీక్షలు అయ్యాక చూద్దామన్నాను. ఆయన తల ఊపి, ఎడం చేత్తోనే ఒక ఏడాదికి డబ్బు కట్టి, నా కంచంలో ఇంకొంచెం పప్పు వేశారు.