తిరువయ్యారులో పెద్దమ్మతో రెండు రోజులు

"ఇప్పుడు వెళ్లి ఏం చూస్తావే, అంతా టీవీ వాళ్ల సంబరం" అని మా పెద్దమ్మ ప్రతి పుష్యమాసంలోనూ అనేది. ఆవిడ 1984లో వాళ్ల గురువుగారితో తిరువయ్యారు వెళ్లి, త్యాగరాజస్వామి ఆరాధనలో కూర్చుని పాడి వచ్చింది. మళ్లీ వెళ్లలేదు. చూసినది చూసినట్టే గుర్తుండాలి, పాడుచేసుకోను అనేది. అలాంటిది 2024 కార్తీకంలో తనే ఫోన్ చేసి, "మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే ఒక్కసారి తీసుకెళ్లవే" అంది. టికెట్లు ఆ రాత్రే బుక్ చేశాను.

ఆరాధన జరిగేది త్యాగరాజు పోయిన తిథి, పుష్య బహుళ పంచమి నాడు. 2025లో అది జనవరి 18న, శనివారం పడింది. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ పొద్దున బెజవాడలో రైలెక్కాం. సాయంత్రానికి చెన్నై సెంట్రల్, అక్కణ్ణుంచి ఆటోలో ఎగ్మూరు, రాత్రి బండికి తంజావూరు. తిరువయ్యారులో గది దొరకదని ముందే తెలుసు, అందుకే తంజావూరులోనే ఒక లాడ్జిలో దిగాం.

తంజావూరు నుంచి తిరువయ్యారు పదమూడు కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ కాస్త దూరంలో బస్సు ఒక వంతెన దాటితే ఇంకో వంతెన వస్తుంది. వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. ఊరి పేరులోనే ఐదు నదులున్నాయి. మనవాళ్లు పంచనదం అన్నదీ అందుకే. రోడ్డుకు రెండు వైపులా కోతకొచ్చిన వరి. పెద్దమ్మ కిటికీ వదల్లేదు. "కృష్ణా డెల్టాలాగే లేదూ?" అంది. నిజమే, కాలవ గట్టు మీద కొబ్బరిచెట్ల వరస చూస్తే ఉయ్యూరు దాటి పోతున్నట్టే ఉంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టాడు, జీవితమంతా తిరువయ్యారులో గడిపాడు, 1847 జనవరి 6న ఇక్కడే దేహం చాలించాడు. చివర్లో సన్యాసం పుచ్చుకున్నాడు కాబట్టి కావేరి ఒడ్డున సమాధి చేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఆ సమాధిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వచ్చి చూసేసరికి శిథిలమై ఉంది. వాళ్లిద్దరూ ఆయన దగ్గర నేర్చుకున్న శిష్యులే, అప్పటికి ముసలివాళ్లు. సమాధిని బాగు చేయించారు. కొన్నేళ్లకే ఆరాధన సంగీతోత్సవంగా పెరిగింది, పెరుగుతూనే రెండు ముక్కలైంది. పెరియ కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలు, ఎవరి ఉత్సవం వాళ్లదే. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట: ఆడవాళ్లు పాడకూడదు.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలుసు. పెద్దమ్మకూ తెలుసు. కానీ "పూర్వం ఎంత పవిత్రంగా ఉండేదో" అనుకునేటప్పుడు మనకు ఇది గుర్తుకు రాదు.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం పందిట్లోకి అడుగు పెట్టాం. పక్కపక్కనే రెండు వేదికలు. ఒకదాని మీద పాట జరుగుతుంటే రెండోదాని మీద తర్వాతి వాళ్లు శ్రుతి చూసుకుంటూ సిద్ధమవుతారు. ఒక్కొక్కరికి పదో ఇరవయ్యో నిమిషాలు, అంతకంటే దొరకదు. ఎంత పెద్ద విద్వాంసుడికైనా డబ్బు ఇవ్వరు, వినేవాళ్ల దగ్గర టికెట్టూ లేదు. ఇది మాత్రం మారలేదని పెద్దమ్మ మొహంలో ఒక తృప్తి కనిపించింది.

మారినవి కూడా కనిపించాయి. కట్టగట్టినట్టు ఫ్లెక్సీలు. వెనక నుంచి ఎవరో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతూనే ఉన్నారు. ఒక పేరున్న గాయని వేదికెక్కగానే పందిరి నిండింది, ఫోన్లన్నీ పైకి లేచాయి. ఆవిడ దిగగానే సగం పందిరి ఖాళీ. తర్వాత వచ్చిన కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, వయొలిన్ పెట్టెలు సర్దుకునే చప్పుడులోనే తోడి రాగం ఎత్తుకున్నాడు. ముందు వరసల్లో మేము ముప్ఫై మందిమి మిగిలి ఉంటాం. వాడు ఎవరి కోసమూ ఆగలేదు. చేతిలో ఉన్న పది నిమిషాల్లో మూడు నిమిషాలు ఆలాపనకే ఇచ్చేశాడు. కీర్తనలో చివరి చరణం పాడటానికి టైము చాలలేదు, చేయెత్తి సన్నిధి వైపు దండం పెట్టి దిగిపోయాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఈ పిల్లాణ్ణి రేపు టీవీలో చూపించరు" అంది.

రాత్రి తిరిగి వెళ్లేముందు పెసరపప్పుతో చేసే అశోకా హల్వా తిన్నాం. ఆ ఊరి హల్వా అది. ఆకులో పెట్టిచ్చిన ముద్ద ఇంకా వేడిగా ఉంది, వేళ్లకంతా నెయ్యి.

పంచమి నాడు నాలుగున్నరకే లేచి బయల్దేరాం. చీకట్లోనే బస్సు నిండిపోయింది. త్యాగరాజు ఇల్లున్న తిరుమంజన వీధిలో ఇప్పుడున్నది కొత్తగా కట్టిన భవనం. అక్కణ్ణుంచి ఉంఛవృత్తి బయల్దేరుతుంది. ఆయన రోజూ వీధివెంట పాడుకుంటూ బియ్యం అడిగి తెచ్చుకున్నందుకు గుర్తుగా, తంబురాతో, చిడతలతో, భజనతో సమాధి దాకా నడుస్తారు. రాజు సొమ్ము వద్దన్న మనిషి వీధిలో బియ్యం ఎత్తుకున్నాడు. ఆ ఊరేగింపు వెనక నడుస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ముందు నడుస్తున్నవాళ్లను తోసుకుంటూ కెమెరాలు వెనక్కి వెనక్కి నడుస్తున్నాయి, అయినా సరే.

సన్నిధి ముందు మధ్యలో దారి వదిలి రెండు వైపులా ఎదురెదురుగా గాయకులు కూర్చుంటారు. ముందు వరసలకు తాడు కట్టారు. పెద్దమ్మ తాడు పక్కన ఖాళీ చూసుకుని కూర్చోబోయింది. బ్యాడ్జి పెట్టుకున్న ఒకతను వచ్చి, "ఆర్టిస్టా?" అన్నాడు. పెద్దమ్మ, "పాడతాను నాయనా" అంది తెలుగులో. అతనికి అర్థం కాలేదో, వినే తీరిక లేదో, వెనక్కి వెళ్లమని చెయ్యి చూపించాడు. నలభై ఏళ్లు పిల్లలకు పంచరత్నాలు, అంటే ఆరాధనలో అందరూ కలిసి పాడే త్యాగరాజు ఐదు కీర్తనలు, నేర్పిన మనిషి, చీర కుచ్చిళ్లు పట్టుకుని మెల్లగా లేచి వెనక్కి వచ్చింది. నాకు గొంతు పూడుకుపోయింది. ఆ ఖాళీలో తర్వాత ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. గంటసేపట్లో ఆయన పెదవి కదల్లేదు.

తొమ్మిది గంటలకు వేణువుల మీద భైరవిలో 'చేతులార శృంగారము' మొదలైంది. అది ముగియగానే పంచరత్నాల్లో మొదటిది, నాట రాగంలో. వందల గొంతులు ఒక్కసారిగా 'జగదానందకారక' అందుకుంటే నేల అదిరినట్టయింది. ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఏళ్ల తరబడి విన్నదే. కానీ అక్కడ వినపడనిది ఇక్కడ వినపడింది: నా ఎడమవైపు ముసలాయన అరకాలం వెనకపడుతున్నాడు, కుడివైపు పిల్ల శ్రుతి కొంచెం పైన పాడుతోంది, అయినా అంతా కలిసి ఒకే ప్రవాహంలా పోతోంది. లోపల విగ్రహానికి అభిషేకం జరుగుతోంది.

ఆ కుడివైపు పిల్లది కుంభకోణం. కాలేజీ చదువుతోంది. చేతిలో సాహిత్యం తమిళ లిపిలో రాసుకున్న నోటుపుస్తకం ఉంది. తమిళంలో క, గ లకు అక్షరం ఒకటే, ద, త లకూ అంతే కదా. అందుకని అక్షరాల నెత్తిన చిన్న చిన్న అంకెలు వేసుకుంది, వర్గంలో మూడో అక్షరమైతే మూడు అన్నట్టు. గౌళలో 'దుడుకుగల' దగ్గర 'దు' మీద మూడు, 'డు' మీద మూడు, 'కు' మీద ఏమీ లేదు, 'గ' మీద మళ్లీ మూడు. ఒక్క అంకె తప్పలేదు. మనకు పుట్టుకతో వచ్చిన అక్షరాన్ని ఆ పిల్ల లెక్కలా నేర్చుకుని అంత శుద్ధంగా పలుకుతోంది. పాట అయ్యాక నా చెవి దగ్గరకు వంగి, "అక్కా, దుడుకు అంటే ఏంటి?" అని ఇంగ్లిషులో అడిగింది. ఐదేళ్లుగా పాడుతోందట, ఎవరూ చెప్పలేదట.

ఆరభి బ్రహ్మాండంగా నడిచింది. వరాళి వచ్చేసరికి గొంతులు సగం తగ్గాయి. వరాళి నేర్పితే గురువుకూ శిష్యుడికీ పడదని ఒక నమ్మకం, అందుకే చాలామందికి అది పాఠంగా రాదు. పెద్దమ్మ కూడా విని పట్టుకున్నదే. చుట్టూ గొంతులు పలచబడ్డప్పుడు ఆవిడ గొంతు బయటికి వచ్చింది. సన్నగా, అంచుల్లో కొంచెం వణుకుతూ, ఒక్క స్వరం జారకుండా. ముందు వరసలోని ఒకావిడ వెనక్కి తిరిగి చూసి, తలూపి, మళ్లీ పాటలో పడింది. శ్రీరాగంలో 'ఎందరో మహానుభావులు' వచ్చేసరికి మళ్లీ అందరూ కలిశారు.

పాట ఆగిన పది నిమిషాలకు కార్లు బయల్దేరాయి. దుమ్ము, హారన్లు, సెల్ఫీలు. "చూశావా, నేను చెప్పలా?" అంది పెద్దమ్మ. అప్పుడు నేనన్నాను: "పెద్దమ్మా, నువ్వు పాతదనుకుంటున్న ఈ గోష్ఠి గానం కూడా 1940ల్లో వచ్చిందే కదా."

ఆవిడ ఏం మాట్లాడలేదు. మెల్లగా నడిపించుకుంటూ నాగరత్నమ్మ సమాధి దగ్గరకు తీసుకెళ్లాను. చేతులు జోడించి త్యాగరాజ సన్నిధి వైపు తిరిగి కూర్చున్న విగ్రహం. బెంగళూరు నాగరత్నమ్మ, 1878లో పుట్టిన దేవదాసి. తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' కావ్యాన్ని 1910లో అచ్చు వేయించి ప్రభుత్వ నిషేధాన్ని ఎదుర్కొన్నది ఈవిడే. సమాధి చుట్టూ ఉన్న స్థలాన్ని కొన్నది, 1921లో పనులు మొదలుపెట్టి తన సంపాదనతో గుడి కట్టించింది, 1926 జనవరిలో ప్రతిష్ఠ చేయించింది. ఆ గుడి ముందు ఆవిడను పాడనివ్వలేదు. 1927 నుంచి ఆడవాళ్లను కూడగట్టుకుని గుడి వెనక పాడింది. మూడు వర్గాలూ కలిసి ఒకే సభ అయ్యేసరికి 1940–41 వచ్చింది. 1952లో పోయేదాకా ఈ ఊళ్లోనే ఉంది.

మరి ఏ కాలాన్ని అసలుదనుకోవాలి? భాగవతార్లు కట్చీలు కట్టి ఆడవాళ్లను గుమ్మం బయట నిలబెట్టిన రోజులా? నాకైతే ఆ గుడి వెనక పాట అసలుదనిపిస్తుంది. టీవీ వచ్చినందుకు నాకు బాధ లేదు. ఊరు కదల్లేని మా అమ్మలాంటివాళ్లకు పంచమి పూట ఆ గంటే ఆధారం. నా బాధ తాడు గురించి. పాడేవాళ్లను వెనక్కి పంపి, చూడ్డానికి వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టడం గురించి. ఇంకొకటి, మాట గురించి. ఐదు పంచరత్నాల్లో మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. వాటిని రెండు వందల ఏళ్లుగా భద్రంగా కాపాడింది ఎక్కువగా తమిళులే, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అర్థం చెప్పాల్సింది మాత్రం మనం. ఆ పని మనం చేయలేదు.

పెద్దమ్మ విగ్రహం ముందు కూలబడి, "ఈవిణ్ణి కూడా వెనక్కే పంపారన్నమాట" అంది. తర్వాత కళ్లు మూసుకుని వరాళి మళ్లీ మొదటి నుంచి పాడింది. అక్కడ పూలు సర్దుతున్న ఒకామె పని ఆపి విన్నది.

మేము లేచేసరికి కుంభకోణం పిల్ల వెతుక్కుంటూ వచ్చింది. నోటుపుస్తకం చాపి, "రాసిస్తారా?" అంది. అరుగు మీద కూర్చున్నాం. పెద్దమ్మ తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లిషులోకి మార్చడం, ఆ పిల్ల తమిళంలో రాసుకోవడం. "దుడుకు అంటే ఒట్టి చెడ్డతనం కాదమ్మా," అంది పెద్దమ్మ, "చెప్పినా ఆగకుండా మీదికి ఉరికేది. దూడ తాడు తెంపుకుని పరిగెడుతుంది చూడు, అలాంటిది. ఇలాంటి నన్ను ఎవరు కాపాడతారు అని అడుగుతున్నాడు." ఆ పిల్ల పెన్ను ఆపి కాసేపు పేజీ వంక చూసింది. "ఇన్నాళ్లూ నేను దీన్ని చాలా హుషారుగా పాడుతున్నాను" అంది.

రెండు చరణాలు అయ్యేసరికి తంజావూరు బస్సు వచ్చింది. మిగతావి ఇప్పుడు పెద్దమ్మ ఆదివారాలు ఫోన్‌లో చెబుతోంది. ప్రస్తుతం ఏడో చరణం నడుస్తోంది.