బీకాం చదివి ఎంసీఏలో డిస్క్రీట్ మ్యాథ్స్ గట్టెక్కాను: నా అనుభవం

నిన్న సాయంత్రం సప్లీ రిజల్ట్స్ వచ్చాయి. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో 70కి 43. మొదటిసారి 19. ఇంటర్ సీఈసీ, డిగ్రీ బీకాం చదివి గుంటూరులో ఎంసీఏలో చేరినదాన్ని. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

లాజిక్, ట్రూత్ టేబుళ్లు వారంలో వచ్చేశాయి. సెట్లు, రిలేషన్లు కూడా ఇబ్బంది పెట్టలేదు. నన్ను ముంచింది కౌంటింగ్, అంటే ఒక పని ఎన్ని రకాలుగా చేయవచ్చో లెక్కపెట్టే చాప్టర్.

ఒకరోజు సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, అడ్డంగా 4, నిలువుగా 3 గళ్లు గీశారు. కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పై మూలకి, వెనక్కి తిరగకుండా ఎన్ని దారులున్నాయి అన్నారు. నాలుగు మూళ్లు పన్నెండు అన్నాను. "బీకాం వాళ్లకి సీట్లిస్తే ఇంతే" అని, ఫార్ములా ఒకటి రాసేసి, పీరియడ్ అయ్యేదాకా నన్ను అక్కడే నిలబెట్టారు. అరవై మంది చూస్తున్నారు. తప్పు చెప్పాను, నిజమే. ఎందుకు తప్పో చెప్పాల్సిన పని ఆయనది కాదా? ఆ తర్వాత ఆ చాప్టర్ తెరవబుద్ధి కాలేదు. పరీక్షలో ఆ ప్రశ్నలన్నీ వదిలేశాను.

నాకు అర్థమయ్యేలా చెప్పింది హాస్టల్లో ఉండే ఎమ్మెస్సీ అక్క. మా హాస్టల్ బ్రాడీపేట 2/7, అంటే రెండో లైను, ఏడో అడ్డరోడ్డు. టిఫిన్‌కి 5/11కి వెళ్తాం. "3 లైన్లు మారాలి, 4 అడ్డరోడ్లు దాటాలి. చుట్టు తిరక్కుండా ఎటు పోయినా మొత్తం 7 సార్లు దాటితే చేరతాం కదా. ఆ 7 సార్లలో లైను మారే 3 సార్లు ఏవో తేల్చుకుంటే దారి తేలిపోయినట్టే" అంది. 7సీ3, అంటే ఏడింటిలో మూడింటిని ఎంచుకునే రకాలు, 35. నమ్మకం కుదరక 'లై', 'అ' అక్షరాలతో 35 దారులూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒక్కటీ తగ్గలేదు.

19 మార్కులకి రీవాల్యుయేషన్ పెట్టి డబ్బు పోగొట్టుకున్నాను, మీరు ఆ పని చేయకండి. గైడ్లు కూడా కొనొద్దు, వాటిలో ఫార్ములా తప్ప కారణం ఉండదు.

సప్లీలో 'మిసిసిపి' ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లోని 11 అక్షరాలని ఎన్ని రకాలుగా పేర్చవచ్చని అడిగారు. ఐ నాలుగు, ఎస్ నాలుగు, పి రెండు, ఎం ఒకటి. చూడగానే మా లైన్లు, అడ్డరోడ్లే గుర్తొచ్చాయి.

మార్కులు చెబుదామని రాత్రే అక్కకి ఫోన్ చేశాను. "ముందు ఇది చెప్పు, ఆ మిసిసిపికి ఎంత వేశావు?" అంది. 34,650 అన్నాను.