డౌన్‌లోడ్ల మురిపెం

కిరాణా షాపుల అరువు ఖాతాల కోసం ఆరు నెలలు కూర్చుని యాప్ చేశాం. డౌన్‌లోడ్ల గ్రాఫు పైకి పోతుంటే స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టుకుని మురిసిపోయాం. మొన్న మా వీధి చివరి షాపులో అరగంట నిలబడ్డాను. బాబాయ్ కందిపప్పు తూచి, దారంతో వేలాడుతున్న పెన్ను అందుకుని పాత నోటుబుక్కులోనే రాసేస్తున్నారు. "యాప్ బాగుందిరా, ఫోన్ తీసేలోపు ఇంకో నలుగురు వచ్చేస్తారు" అన్నారు.

1999లో జాపోస్ అనే ఆన్‌లైన్ బూట్ల షాపు మొదలుపెట్టిన నిక్ స్విన్‌మర్న్ షాపుల్లో బూట్ల ఫొటోలు తీసి సైటులో పెట్టి, ఆర్డరొచ్చాకే కొని పంపాడు. మేమేమో ముందే గోడౌన్ కట్టేసినట్టు చేశాం!

ఇప్పుడు డౌన్‌లోడ్లు చూడటం మానేశాం. రెండో వారం కూడా అరువు రాసిన షాపులెన్ని అన్నదే లెక్క. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, సిగ్గేస్తుంది. ప్రస్తుతానికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపమన్నాం, రాత్రి మేమే కూర్చుని ఎక్కిస్తున్నాం. నిన్న బాబాయ్ మూడు పంపారు.