బిగ్ బాస్ తొమ్మిదా, పదా?

పోయిన ఆదివారం కారం దోశల దగ్గర మొదలైన గొడవ ఇది. బావ అక్కనీ పాపనీ తీసుకుని కందుకూరు నుంచి నెల్లూరు వచ్చాడు. అమ్మ పెనం మీద దోశకి ఎర్రకారం పూస్తోంది, మాటల్లో మాటగా బావ "2025తో తెలుగు బిగ్ బాస్ పది సీజన్లు అయిపోయినట్టే" అన్నాడు. ఇంటర్ చదివే మా మేనకోడలు నోట్లో ముక్క మింగకుండానే "తొమ్మిది నాన్నా" అంది. ఇక చూస్కోండి. ఓడినవాళ్ళు మలై కాజాలు కొనాలని పందెం కూడా.

లెక్క ప్రకారం పాపదే రైటు. 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో ఒకటి, 2018లో నానితో రెండు, 2019 నుంచి నాగార్జున. 2021లో ఐదోది, 2022 సెప్టెంబర్‌లో ఆరోది. కానీ ఈ ఐదుకీ ఆరుకీ మధ్యన, 2022 ఫిబ్రవరి నుంచి మే దాకా హాట్‌స్టార్‌లో 'నాన్‌స్టాప్' అని ఒకటి 24 గంటలూ నడిచింది కదా. అదే నాగార్జున, అవే నామినేషన్లు, అవే ఏడుపులు, చివర్లో బిందు మాధవి కప్పు కూడా ఎత్తింది. దానికి మాత్రం నంబర్ లేదు!

పాప వాదన ఏందంటే అది టీవీలో రాలేదు, ఓటీటీది, అది వేరే జిల్లా అనుకో అంది. ఆ మాట కందుకూరు మనిషి దగ్గర అనకూడదు. "మా ఊరిని 1970లో నెల్లూరు నుంచి తీసి కొత్త జిల్లాలో పెట్టారు, 2022లో మళ్ళీ తెచ్చి నెల్లూరులో కలిపారు, అన్నిసార్లు మారిస్తే అది మా ఊరు కాకుండా పోయిందా?" అని బావ లేచాడు. నేను బావ పక్షమే. కప్పు ఇచ్చారంటే అది సీజనే, ఛానల్ వాళ్ళు ఏ పేరన్నా అతికించుకోనీ.

అమ్మ లెక్క ఇంకోటి, ఆవిడ యాంకర్లని బట్టి లెక్కేస్తుంది. 'మీలో ఎవరు కోటీశ్వరుడు' నాగార్జునది ఒకటి, చిరంజీవిది ఒకటి అంటుంది, నాగార్జున మూడు సీజన్లు చేశాడని చెప్పినా వినదు. 2021లో అదే ఆట ఛానల్ మారి, పేరు తిరగేసుకుని 'ఎవరు మీలో కోటీశ్వరులు'గా జెమినీలో ఎన్టీఆర్‌తో వచ్చింది. అది ఐదో సీజనా, కొత్త షోనా? అమ్మని అడిగితే "ఎన్టీఆర్‌ది" అంది, అయిపోయింది. 'కార్తీక దీపం' దగ్గర మాత్రం ఆవిడా తికమక పడింది. 2023 జనవరిలో అయిపోయిన సీరియల్ 2024 మార్చిలో రెండు అని తగిలించుకుని వచ్చేసరికి, అదే దీప, అదే కార్తీక్, కథ మాత్రం వేరు. వారం రోజులు పాత కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకుంటూ చూసింది పాపం.

మనవాళ్ళే ఇలా అనుకోకండి. స్పెయిన్ వాళ్ళ దోపిడీ సిరీస్ 'మనీ హైస్ట్' ఎన్ని సీజన్లని నలుగురిని అడిగి చూడండి. అయిదు అంటారు, నెట్‌ఫ్లిక్స్‌లో అయిదు భాగాలు కనిపిస్తాయి కాబట్టి. అసలు 2017లో స్పెయిన్ టీవీలో వచ్చింది గంటకి పైగా ఉండే 15 ఎపిసోడ్లు, ముందు తొమ్మిది, కొన్నాళ్ళు ఆగి ఆరు. నెట్‌ఫ్లిక్స్ వాటినే కోసి 13, 9 చేసి 22గా పెట్టింది. మొదటి దోపిడీ అంతా ఒకే కథ కాబట్టి ఆ రెండు భాగాలూ ఒక్క సీజనే, మూడు నాలుగు భాగాలు కలిపి ఇంకోటి, అయిదోది ఒకటి, మొత్తం మూడే అనేవాళ్ళూ ఉన్నారు. అయిదో భాగాన్ని మళ్ళీ రెండు ముక్కలుగా వదిలారు, ఇక దాన్ని ఏమనాలో! ఆఫీసులో ఒకతను "ఏడో ఎపిసోడ్ చూశావా" అంటే నేనిప్పుడు ఎవరి ఏడోది అని అడుగుతున్నా.

సాయంత్రం బావే వెళ్ళి మలై కాజాలు తెచ్చాడు, ఓడినట్టు ఒప్పుకోకుండానే. పాప ప్లేట్లో లెక్కపెట్టి తొమ్మిది వేశాడు. పదోది తన నోట్లో వేసుకుని "ఇది నాన్‌స్టాప్, దీనికి నంబర్ లేదన్నావుగా" అన్నాడు.